కలెక్టరేట్ ఊరి నడుమ ఉండాలా, ఊరి బయట ఉండాలా?

సోమవారం అర్జీ (చర్చ మొదలుపెట్టినవారు)

2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఆఫీసులు జనానికి దగ్గరవుతాయన్నదే అప్పుడు చెప్పిన ముఖ్య కారణం. తర్వాత చాలా జిల్లాల్లో సమీకృత కలెక్టరేట్లు, అంటే శాఖలన్నీ ఒకేచోట ఉండే భవనాలు లేచాయి. మాకూ వచ్చింది. భవనం బాగుంది, కాదనను. కానీ అది టౌన్ దాటాక, పొలాల మధ్య ఉంది.

మొన్న అమ్మను ప్రజావాణికి, అంటే సోమవారాలు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమానికి తీసుకెళ్లాను. పాసుబుక్కులో 12 గుంటలు తక్కువ పడ్డాయి. ఊరి నుంచి బస్టాండు దాకా అమ్మకు జీరో టికెట్టే. అక్కడి నుంచి షేర్ ఆటో, అది నిండితే గానీ కదలదు. గేటు దగ్గర దించాడు. గేటు నుంచి మెట్ల దాకా ఎండలో నడుస్తూ అమ్మ రెండుసార్లు మోకాళ్లు పట్టుకుని ఆగింది. తీరా లోపలికెళ్తే ఆధార్ జిరాక్స్ ఇంకొకటి కావాలన్నారు. చుట్టుపక్కల జిరాక్స్ షాపు లేదు. మళ్లీ ఆటో, మళ్లీ టౌన్. తిరిగొచ్చేసరికి అర్జీలు తీసుకోవడం అయిపోయింది.

పాత ఆఫీసైతే బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరం. ఎదురుగానే మూడు జిరాక్స్ షాపులు, అర్జీ రాసిపెట్టే పెద్దాయన. కొత్తది కూడా ఊళ్లోనే కట్టాల్సిందని నా వాదన. మీరేమంటారు?

రెవెన్యూ ఉద్యోగిని

మీ అమ్మగారికి జరిగింది తప్పే తమ్ముడూ. కానీ పాత ఆఫీసును మీరు బయటి నుంచే చూశారు. మా సెక్షన్ కిరాయి ఇంట్లో ఉండేది. వంటగట్టు మీద ఫైళ్లు, వానొస్తే పాత పహాణీల మీద పాలిథిన్ కవర్లు. ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు. పక్కింటివాళ్లను అడిగి వెళ్లేవాళ్లం, 8 ఏళ్లు. వ్యవసాయ శాఖ ఒక వీధిలో, సంక్షేమ శాఖ ఇంకో వీధిలో. ఒక్క సంతకానికి రైతు ఊరంతా తిరిగేవాడు. ఇప్పుడు ఒక అంతస్తు దిగితే పనవుతోంది. అన్ని శాఖలూ పట్టేంత స్థలం టౌన్‌లో ఎక్కడ దొరుకుతుంది?

సుబేదారి

మా హనుమకొండలో దొరికింది కదా మేడమ్! సుబేదారిలో పాత కలెక్టరేట్ ఉన్నచోటే కొత్తది కట్టారు. 2021 జూన్ 21న ప్రారంభమైంది. కట్టినన్నాళ్లూ సర్దుకోవడం కష్టమే. కానీ జనానికి తెలిసిన చోటు మారలేదు.

శంకర్‌పల్లి రోడ్డు

మా రంగారెడ్డి సంగతి వేరు. జిల్లా 1978లో ఏర్పడింది, కలెక్టరేట్ మాత్రం లక్డీకాపూల్‌లో, అంటే హైదరాబాద్ జిల్లాలో! 2022 ఆగస్టు 25న కొంగర కలాన్‌లో కొత్తది ప్రారంభించారు. ఇబ్రహీంపట్నం, యాచారం వాళ్లకు మేలైంది. వాళ్లు ఎన్నో ఏళ్లు సిటీ ట్రాఫిక్‌లో పడి వచ్చారు, వాళ్ల సంతోషం న్యాయమే. చేవెళ్ల, శంకర్‌పల్లి వాళ్లకు మాత్రం అది ఇంకో కొస. మా జిల్లా నగరాన్ని దక్షిణం నుంచి అర్ధచంద్రంలా చుట్టుకుని ఉంటుంది, దానికి నడుమ అనేదే లేదు. మా వైపు బస్సులన్నీ సిటీకే పోతాయి. అందుకే మ్యాపులో మధ్య ఎక్కడని కాదు, ఏ ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో చూసి స్థలం తేల్చాలంటాను.

జిరాక్స్ షాపు

పాత కలెక్టరేట్ ముందు 15 ఏళ్లు షాపు నడిపాను. ఆఫీసు పోయింది, ఆరు నెలలకు షాపు మూశాను. కొత్త ఆవరణలో చిన్న గది ఇస్తే కిరాయి కట్టుకుంటాం.

సోమవారం అర్జీ

అక్కా, బాత్రూమ్ మాట చదివాక చాలాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. మిమ్మల్ని ఆ ఇంట్లోకి తిరిగి పొమ్మని ఎలా అంటాను? కట్టింది కట్టారు. కానీ పాత ఆవరణ తాళమేసి ఉంది. అక్కడ రెండు గదులు తెరిచి అర్జీలు తీసుకుని రసీదు ఇవ్వచ్చు. సోమవారాలు బస్టాండు నుంచి మెట్ల దాకా ఒక బస్సు తిప్పచ్చు. ఈ రెండే రాసి వచ్చే ప్రజావాణిలో ఇస్తాను. పొద్దున 9కి బస్టాండులో ఉంటా, సంతకం పెట్టేవాళ్లు రండి.

రెవెన్యూ ఉద్యోగిని

బస్సు సంగతి వేరే కాగితం మీద రాయండి తమ్ముడూ. రెండూ ఒకే అర్జీలో ఉంటే ఏ శాఖకు పంపాలో తేలక ఆగిపోతుంది. బస్సుది డిపో మేనేజర్ పేరిట రాసి, ఏ టైముకు కావాలో కూడా వేయండి. అమ్మగారి 12 గుంటల అర్జీకి మాత్రం రసీదు తీసుకోకుండా రావద్దు.