ఇంటికొచ్చి తీసే ఎక్స్‌రేలో తుంటి పగులు తెలుస్తుందా?

మా నాయనమ్మకు 84 ఏళ్లు. మొన్న బాత్‌రూమ్ గడప దగ్గర జారిపడింది. కాలు పొట్టిగా అయినట్టు గానీ, పాదం బయటికి తిరిగినట్టు గానీ లేదు. కానీ పక్కకు తిప్పితే చాలు, దుప్పటి గట్టిగా పట్టుకుని "అమ్మో" అంటోంది. మాది తెనాలిలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అందుకే పోర్టబుల్ ఎక్స్‌రే వాళ్లను పిలిచాం. తుంటి కింద ప్లేటు జొనిపి పైనుంచి ఒక్కటే తీశారు. పక్కనుంచి తీయడం మంచం మీద కుదరదన్నారు. రిపోర్టులో ఏమీ విరగలేదట! మరి అడుగు వేయలేకపోతోందేం? సన్నటి పగులు ఎక్స్‌రేకు దొరక్కపోవచ్చని, ఎమ్మారైలో తెలుస్తుందని డాక్టరుగారు ఫోన్‌లో అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి. ఇంట్లోనే ఇంకో కోణంలో తీయించవచ్చా, నేరుగా స్కాన్‌కే తీసుకెళ్లాలా? తుంటి కదలకుండా మెట్లు ఎలా దింపారు? కుర్చీలో కూర్చోబెట్టి దింపడానికి నాకు ధైర్యం చాలడం లేదు.