రాత్రి వంటకి వారం మెనూ: ఒక వారమా, రెండు వారాలా?

ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఇల్లు చేరేసరికి దాదాపు ఎనిమిది. వండటం కన్నా 'ఇవాళ ఏం చెయ్యాలి' అన్నదే పెద్ద టెన్షన్. అందుకే ఏ రోజు ఏం వండాలో రాసి ఫ్రిజ్‌కి అంటించాం.

సోమవారం పప్పు, వేపుడు. మంగళవారం పెసరట్టు, పొద్దున పెసలు నానబోసి వెళ్తే చాలు, పిండి పులియక్కర్లేదు. బుధవారం గుడ్ల పులుసు, గురువారం సాంబారు, శుక్రవారం పులిహోర. శనివారం అత్తయ్యగారు ఒంటిపూట, రాత్రికి టిఫినే కాబట్టి దోసెలు. ఆదివారం చికెన్, దానికి ఎవరూ పేచీ పెట్టరు.

పప్పుతో ఇబ్బంది లేదు. ఒక వారం గోంగూర, ఒక వారం బీరకాయ, ఎండాకాలంలో మామిడికాయ, అలా తిప్పుతున్నాను. గురువారం వస్తే మాత్రం పిల్లలు 'మళ్లీ సాంబారేనా' అని మొహం ముడుచుకుంటారు. సాంబారు బదులు ఏం పెట్టొచ్చు? లేక రెండు వారాల మెనూ రాసుకుంటే నయమా? అన్ని వంటలు గుర్తుపెట్టుకుని సరుకులు తేవడం మళ్లీ అదే తలనొప్పి అవుతుందేమోనని నా అనుమానం.

ఇంకోటి. అత్తయ్యగారికి షుగర్, రాత్రి అన్నం తగ్గించమన్నారు. జొన్నరొట్టె ఇష్టంగా తింటారు కానీ జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు కదా, వేడినీళ్లతో కలిపి అప్పటికప్పుడు తట్టాలి. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ నావల్ల కావట్లేదు. ముందురోజే కొంత పని చేసి పెట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా?

కార్తీకమాసంలో గుడ్లు, చికెన్, ఉల్లిపాయ మానేస్తాం. ఆ నెలకి మీరు వేరే మెనూ రాసుకుంటారా? ఉంటే కాస్త చెప్పండి.