క్యాంపర్‌వ్యాన్‌లో తిరిగేవాళ్లు చిన్న ఊళ్లకు ఏమైనా బాకీ ఉంటారా?

దారిబత్తెం:
నేనూ నా భార్యా ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో క్యాంపర్‌వ్యాన్ (పడక, పొయ్యి ఉన్న వ్యాన్) అద్దెకు తీసుకుని విక్టోరియా రాష్ట్రపు వాయవ్య మూలలోని ఊళ్లు తిరిగి వచ్చాం. రూపన్యప్ మొదలుకొని ప్యాచెవొల్లాక్ వరకు సుమారు 200 కిలోమీటర్ల దారిలో ధాన్యం నిల్వ చేసే ఎత్తైన సైలోల మీద వేసిన బొమ్మలు చూశాం, సీ లేక్ దగ్గర టైరెల్ ఉప్పు సరస్సు చూశాం. రాత్రుళ్లు ఊరి ఆటస్థలాల పక్కన, అనుమతి ఉన్నట్టు బోర్డు పెట్టిన చోట్లనే ఆగాం. విరాళాల పెట్టె ఉన్న చోట డబ్బు వేశాం, లేని చోట వేయలేదు. బియ్యం, పప్పులు, పచ్చళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లి వ్యాన్‌లోనే వండుకున్నాం. ఈ మాట విన్న ఒక మిత్రుడు, ఊరి మరుగుదొడ్డినీ ఊరి నీళ్లనూ వాడుకుని ఆ ఊళ్లో ఒక్క డాలరు ఖర్చు పెట్టకుండా రావడం తప్పని ముఖం మీదే అన్నారు. అనుమతి ఉన్న చోట ఆగినవాడు ఆ ఊరికి ఇంకేదో బాకీ పడతాడంటే నేను ఒప్పుకోను. మీరేమంటారు?

పడమటిగాలి:
బోర్డు ఉంటే ఆగవచ్చు, లేకపోతే ఆగకూడదు. అంతకు మించి ఆలోచించవలసినది లేదు.

మల్లీవాసి:
నేను ఉండేది ఆ ప్రాంతంలోనే, కాబట్టి వివరంగా రాస్తాను. విక్టోరియాలో అటువంటి ప్రభుత్వ స్థలాలను చాలా చోట్ల ఊరివాళ్లే కమిటీగా ఏర్పడి, జీతం లేకుండా చూసుకుంటారు. మీరు వాడిన మరుగుదొడ్డిని మర్నాడు కడిగేది డెబ్బై ఏళ్లు దాటిన రైతో, ఆయన భార్యో కావచ్చు.

ఇక నీళ్ల సంగతి. ఈ ప్రాంతానికి ఒకప్పుడు మట్టి కాలువల్లో నీళ్లు వచ్చేవి, వచ్చే దారిలోనే చాలా భాగం ఆవిరై, ఇంకిపోయేవి. 2010లో విమ్మెరా మల్లీ పైపులైను పూర్తయ్యాక ఆ బాధ తీరింది. అయినా కొన్ని చిన్న ఊళ్లకు ఇప్పటికీ పైపులో వచ్చేది శుద్ధి చేయని నీరే, అది తోటకు పనికొస్తుంది గానీ తాగడానికి పనికిరాదు. తాగేందుకు కప్పు మీద పడిన వాన నీటిని ట్యాంకులో పట్టి ఉంచుతారు. పోయిన వేసవిలో ఒక వ్యాన్ జంట మా ఊరి హాలు వెనక ఉన్న వాన నీటి ట్యాంకుకు తమ గొట్టం తగిలించి, వ్యాన్ నింపుకుని, కుళాయి సరిగ్గా కట్టకుండా వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ట్యాంకు కింద నేలంతా బురదయింది, రేకును వేలితో కొడితే అడుగుదాకా ఖాళీ చప్పుడే వచ్చింది. ఊళ్లో ఎవరైనా పోయినప్పుడు హాలుకు వచ్చినవాళ్లందరికీ టీ కాచి ఇచ్చేది ఆ నీళ్లతోనే.

దారిబత్తెం:
మల్లీవాసి గారూ, ఆ జంట మేము కాదు. మేము తాగునీరని స్పష్టంగా రాసి ఉన్న కుళాయిల దగ్గరే నింపుకున్నాం, మురుగు నీటిని డంప్ పాయింట్‌లోనే వదిలాం. నేను అడిగినది బాకీ గురించి, మీరు చెబుతున్నది ఎవరో చేసిన నష్టం గురించి. ఈ రెంటినీ కలపవద్దని నా మనవి.

టార్నీట్ అన్నపూర్ణ:
ఖర్చు పెట్టాలంటున్నారు సరే, మాంసం ముట్టనివాళ్లు ఆ ఊళ్ల బేకరీల్లో ఏం కొనుక్కోవాలో కూడా చెప్పండి.

పాత సారథి:
నేను న్యూ సౌత్ వేల్స్‌లో న్యూయెల్ హైవే మీద, అంటే టోకమ్‌వాల్ నుంచి గూండివిండీ దాకా వెయ్యి కిలోమీటర్లు దాటిన ఆ దారిలో, ఏళ్ల తరబడి తిరుగుతున్నవాణ్ణి. ఈ తగాదా అక్కడా ఉంది. క్యాంపర్‌వ్యాన్, మోటార్‌హోమ్ యజమానుల జాతీయ క్లబ్బు, వ్యాన్లకు తక్కువ ధరకో ఉచితంగానో ఒకటి రెండు రాత్రులు చోటిచ్చి, డంప్ పాయింట్, తాగునీరు ఏర్పాటు చేసిన ఊళ్లకు గుర్తింపు బోర్డు ఇస్తుంది. బస ఖర్చు మిగిలినవాడు ఆ డబ్బును ఊళ్లోనే పెట్రోలుకు, సరుకులకు పెడతాడన్నది వాళ్ల వాదన. క్యారవాన్ పార్కు, అంటే వ్యాన్లకు అద్దెకు చోటిచ్చే స్థలం, నడిపేవాళ్లు దీనికి ఎదురు చెబుతారు. ప్రభుత్వ సంస్థలు ప్రజల పన్నుల అండతో ప్రైవేటు వ్యాపారాన్ని ధరలో దెబ్బ తీయకూడదన్న నియమం ఈ దేశంలో 1995 నుంచీ ఉంది. టాస్మానియాలో పార్కు యజమానులు ఈ నియమాన్నే చూపించి, వ్యాన్లకు చౌకగా చోటిచ్చే కౌన్సిళ్ల (స్థానిక ప్రభుత్వాల) మీద ఫిర్యాదు చేశారు.

మా పిన్నిగారి అబ్బాయి అటువంటి పార్కునే లీజుకు తీసుకున్నాడు. ఏటి ఒడ్డున ఉచిత స్థలం నిండిపోయి ఉంటే, అర కిలోమీటరు దూరంలో వీడి స్థలాలు ఖాళీగా పడి ఉంటాయి. ఉచిత స్థలంలో ఉన్నవాళ్లే వచ్చి, స్నానానికి మాత్రం వీడి పార్కు తలుపు తడతారు. లీజు డబ్బు కౌన్సిల్‌కు కట్టేది వీడే, వీడికి పోటీగా ఉచితంగా చోటిచ్చేదీ ఆ కౌన్సిలే. అందువల్ల దారిబత్తెం గారి ప్రశ్నకు నా జవాబు, బాకీ ఉంటుందనే.

దారిబత్తెం:
మీ తమ్ముడి కష్టం నిజమే కావచ్చు, కానీ ఆయన తేల్చుకోవలసింది కౌన్సిల్‌తో. ఇక ఆ ట్యాంకు విషయానికి వస్తే, అంత విలువైన నీళ్లయితే దానికి తాళం వేసుకోవాలి. తాళం వేయని ఊరిదే లోపం.

మల్లీవాసి:
తాళం అన్న మాట మీ నోట రావడం నాకు చాలా బాధగా ఉంది. మంటలు లేచిన రోజున ఎవరైనా పరుగున వచ్చి తిప్పుకోవాలని తాళం వేయకుండా ఉంచిన కుళాయి అది. మీరు ఫొటోలు తీసుకున్న టైరెల్ సరస్సు పక్కనున్న సీ లేక్‌లో పబ్బు మూతపడితే ఊరివాళ్లే తలా ఇంత వేసుకుని కొని మళ్లీ తెరిచారు. బ్రిమ్‌లో 2016లో సైలోల మీద నలుగురు రైతుల బొమ్మలు వేయించినది కూడా, ఎవరైనా వచ్చి కాసేపు ఊళ్లో ఆగుతారన్న ఆశతోనే. వచ్చినవాళ్లు బొమ్మ చూసి, పులిహోర తిని, వ్యాన్ తలుపు వేసుకుంటే ఆ ఊరికి దక్కినదేమిటి?

ఇంతవరకు రాయని సంగతి ఒకటి చెబుతాను. నేను ఇక్కడ మందుల షాపులో ఫార్మసిస్టుగా పని చేస్తున్నాను. 491 వీసా, అంటే పెద్ద నగరాల బయట ఉండి పని చేయడానికిచ్చే తాత్కాలిక వీసా మీద వచ్చాను కాబట్టి శాశ్వత నివాసానికి మూడేళ్లు ఇటువంటి చోటే ఉండాలి. ట్యాంకు ఖాళీ అయిన మర్నాడు కౌంటర్ దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడ, వాళ్లు మీవాళ్లేనా అని నన్ను అడిగారు. మెల్లగానే అడిగారు, తిట్టలేదు. కానీ ఆ వారమంతా ఆ ప్రశ్న వినబడుతూనే ఉంది. మీరు వెళ్లిపోతారు, జవాబు చెప్పుకోవలసింది నేను.

పడమటిగాలి:
ఇదీ అసలు సంగతి. మొదట్లోనే చెప్పి ఉండవలసింది.

దారిబత్తెం:
ఈ ఖాతా మా ఇద్దరిదీ, ఇప్పుడు రాస్తున్నది ఆయన కాదు, నేను. వండుకున్నది నేను, సామాను సర్దినది నేను, కాబట్టి నాకు మాట్లాడే హక్కుంది. అంతకు ముందొక ప్రయాణంలో, ఊరి పేరు చెప్పను, ఒక పబ్బులో కౌంటర్ ముందు నిలబడ్డాం. మా తర్వాత వచ్చినవాళ్లు ఆర్డర్ ఇచ్చి, తిని, లేచి వెళ్లినా మమ్మల్ని ఎవరూ ఏం కావాలని అడగలేదు. అది రద్దీ వల్లనో, మా రంగు వల్లనో నేను తేల్చలేను. ఆ తర్వాత నుంచి వ్యాన్‌లో పొయ్యి వెలిగిస్తే నాకు ప్రాణం స్థిమితపడుతుంది. నేను వండుకోవడం పిసినారితనం కాదు.

మల్లీవాసి గారూ, మిమ్మల్ని ఆ ప్రశ్న అడగడం తప్పు. అయితే ఆ తప్పు అడిగినావిడది. మనవాళ్లెవరో ఏదో చేశారని, నేను ప్రతి ఊళ్లోనూ మంచి పేరు సంపాదించడానికి డబ్బు ఖర్చు పెట్టాలంటే, ఒక తెల్ల జంటకు లేని పన్ను నాకు వేసినట్టే. ఆ పన్ను నేను కట్టను.

మల్లీవాసి:
అమ్మా, మీకు జరిగినది అన్యాయం, దాన్ని నేను చిన్నది చేయను. కానీ ఆ పన్ను మీరు కట్టకపోతే మాఫీ కాదు, నా ఖాతాలో పడుతుంది. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు క్యాంటీన్‌లో శనివారాలు నేను నిలబడేది సరదాకే అనుకుంటున్నారా? నలుగురిలో నా పేరు తెలియాలి, ఆ పేరు వినగానే ట్యాంకు గుర్తుకు రాకూడదు. మీరు మా ఊళ్లో ఒక కాఫీ తాగి, రెండు మాటలు మాట్లాడి వెళ్తే, నేను మోస్తున్నది కొంత తగ్గుతుంది. నేను అడిగేది అంతే.

పాత సారథి:
క్యారవాన్ పార్కు సంగతి అందరూ మరిచిపోయారు.

దారిబత్తెం:
కాఫీ తాగడానికి నాకు అభ్యంతరం లేదు, మీ షాపు ఏ ఊళ్లో ఉందో చెబితే వచ్చి పలకరిస్తాను కూడా. కానీ అది మీ కోసం వస్తాను, ఊరికి బాకీ తీర్చడానికి రాను.