అమ్మకి రొమ్ము క్యాన్సర్, పిన్నికి ఒవేరియన్ క్యాన్సర్: జీన్ టెస్ట్ ముందు ఎవరికి చేయించాలి?

నీలిగోరింట:

అందరికీ నమస్కారం. నా వయసు 34. అమ్మకి 43 ఏళ్లప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఇప్పుడు బాగానే ఉంది. తర్వాత కొన్నేళ్లకి పిన్నికి, అంటే అమ్మ సొంత చెల్లెలికి, ఒవేరియన్ (అండాశయ) క్యాన్సర్ బయటపడింది. దక్కలేదు. రెండూ వేర్వేరు జబ్బులు కదా అని ఇంట్లో ఎవరం కలిపి ఆలోచించలేదు. మొన్న వేరే పని మీద గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తే, ఆవిడ ఈ రెండు సంగతులూ విని బీఆర్‌సీఏ జీన్ టెస్ట్ చేయించుకోమన్నారు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లలో పుట్టుకతో లోపం ఉంటే ఈ రెండు క్యాన్సర్ల ముప్పూ పెరుగుతుందట. వీలైతే ముందు అమ్మకి చేయించమన్నారు.

అమ్మ ససేమిరా అంటోంది. "నాకు రావాల్సింది వచ్చింది, పోయింది. ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తాను?" అంటుంది. అసలు భయం అది కాదని నాకు తెలుసు. తన నుంచే నాకు వచ్చిందని కాగితం మీద కనబడుతుందేమోనని.

పాత ఫైల్ తీసి చూశాను. బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు వరసలు, మూడింటికీ ఎదురుగా నెగటివ్ అని ఉంది. నెగటివ్ అంటే మంచిదేలే అని అమ్మ ఇన్నాళ్లూ అనుకుంటోంది.

అమ్మని ఇబ్బంది పెట్టకుండా నేనొక్కదాన్నే చేయించుకుంటే సరిపోదా? నాకు నెగటివ్ వస్తే నిశ్చింతగా ఉండొచ్చా? పాజిటివ్ వస్తే ఆపరేషన్ తప్ప దారి లేదా? తెలిసినవాళ్లు చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జన్యుబాట:

నీలిగోరింట గారూ, నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కానీ మీ ఇంట్లో అనుమానించడానికి గట్టి కారణాలున్నాయి. అమ్మగారికి 50 లోపే రావడం, మూడూ నెగటివ్ కావడం (దీన్నే ట్రిపుల్ నెగటివ్ అంటారు. కణితిలో ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలూ, ఎక్కువ మోతాదులో హెర్2 ప్రోటీనూ లేవని దానర్థం, మంచిదని కాదు), పిన్నిగారికి ఒవేరియన్ క్యాన్సర్. వీటిలో ఏ ఒక్కటున్నా మేం టెస్ట్ మాట ఎత్తుతాం. బీఆర్‌సీఏ1లో లోపం ఉన్నవాళ్లకి వచ్చే రొమ్ము క్యాన్సర్ చాలావరకు ట్రిపుల్ నెగటివ్ రకమే.

మీరొక్కరే చేయించుకుని పాజిటివ్ వస్తే సంగతి తేలిపోతుంది. చిక్కంతా నెగటివ్‌తోనే. జీన్‌ని ఒక పుస్తకం అనుకోండి. అమ్మగారి పుస్తకంలో అచ్చుతప్పు ఉందని, అది ఫలానా పేజీలో ఉందని ముందే తెలిస్తే, మీ పుస్తకంలో ఆ పేజీ తీసి చూస్తే చాలు. అక్కడ తప్పు లేకపోతే ఆ వంశపారంపర్య ముప్పు మీకు రానట్టే, మిగతా ఆడవాళ్లతో పాటే మీరూ. అమ్మగారికి పరీక్షే చేయకపోతే, మీ నెగటివ్‌కి రెండు అర్థాలుంటాయి. ఆ లోపం మీకు రాలేదని ఒకటి. అసలు కారణం టెస్ట్ పట్టుకోలేని చోట ఉందని ఇంకొకటి. ఏది నిజమో చెప్పలేం, కాబట్టి ఫ్యామిలీ హిస్టరీని బట్టి మిమ్మల్ని జాగ్రత్తగా చూస్తూనే ఉండాలి.

వీయూఎస్ అని ఇంకో రకం ఫలితం కూడా రావచ్చు. జీన్‌లో మార్పు ఉంది, అది హాని చేసేదో కాదో ఇంకా తేలలేదు అని. తర్వాత తేలినవాటిలో చాలావరకు హాని లేనివే. అది చూసి ఎవరూ ఆపరేషన్‌కి తొందరపడకూడదు.

అమ్మగారికి "నీకోసమే" అని చెప్పండి, అది నిజం కూడా. పాజిటివ్ అయితే రెండో రొమ్ముకీ, ఓవరీలకీ ముప్పు ఉన్నట్టే. బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లలో 80 ఏళ్లు వచ్చేసరికి సుమారు 44 శాతం మందికి ఒవేరియన్ క్యాన్సర్ వస్తుందని అంచనా. దానికి నమ్మదగిన స్క్రీనింగ్ లేదు, అందుకే ఓవరీలు ముందే తీయించుకోమంటాం.

వేకువ:

నాది బీఆర్‌సీఏ2, నాన్న వైపు నుంచి వచ్చింది. చాలామంది అమ్మ తరఫు వాళ్లనే లెక్కేసుకుంటారు, కానీ తండ్రి నుంచి కూడా సరిగ్గా అంతే, సగానికి సగం అవకాశం. నాకు తెలియగానే నాన్న "నా దగ్గర్నుంచా?" అన్నాడు, ఆ రోజంతా ఇంక మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే అత్తలిద్దరికీ తనే ఫోన్ చేసి, రిపోర్టులో ఆ మార్పు పేరున్న లైను అక్షరం అక్షరం చదివి రాయించాడు. ఇప్పుడు ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం ఆయనకి ఏటా పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేస్తున్నారు. అది కూడా ఈ జీన్ వల్లే. మీ అమ్మగారికి చేతిలో ఏదైనా పని పెట్టి చూడండి, ఎవరెవరికి చెప్పాలో జాబితా రాయమనండి. ఊరికే భయపడుతూ కూర్చోవడం కన్నా తేలిక.

ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. నేను రొమ్ములు తీయించుకోలేదు. తీయిస్తే ముప్పు 90 శాతం దాకా తగ్గుతుందని తెలుసు, అయినా నిఘానే ఎంచుకున్నాను. ఏడాదికొక ఎంఆర్ఐ, ఒక మామోగ్రామ్, రెంటికీ మధ్య ఆరు నెలలు. పాజిటివ్ వస్తే మీ వయసుకి రెండూ మొదలుపెట్టాల్సిందే. ఒక్క అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టుకోవద్దు.

ఎంఆర్ఐ అంటే బోర్లా పడుకోవాలి. రొమ్ములు రెండూ కింది గుంటల్లోకి దిగుతాయి, గడ్డం దిండుకి ఆనించి కదలకుండా ఉండాలి. చెవుల్లో ఏం పెట్టినా ఆ టకటక వినిపిస్తూనే ఉంటుంది. మధ్యలో చేతికి పెట్టిన సూదిలోంచి మందు ఎక్కేటప్పుడు మోచేతి దాకా చల్లగా పాకుతుంది. పీరియడ్ మొదలైన రెండో వారంలో డేట్ అడగండి, అప్పుడు బొమ్మ స్పష్టంగా వస్తుంది. ఒకసారి నాకు ఏదో కనబడిందని వెనక్కి పిలిచి బయాప్సీ చేశారు. ఏమీ లేదని తేలేదాకా అన్నం సహించలేదు. ఎంఆర్ఐలో ఇలాంటివి ఎక్కువే, దానికి సిద్ధపడే వెళ్లాలి.

ఓవరీలు మాత్రం పిల్లలు పుట్టాక, 42లో తీయించుకున్నాను. ఆవిర్లు, నిద్ర లేకపోవడం బాగా బాధపెట్టాయి, ఇంకా పూర్తిగా పోలేదు. అయినా ఆ నిర్ణయం మళ్లీ అదే తీసుకుంటాను.

సన్నజాజి:

ఒక్క మాట. ఉమ్మి పంపితే ఇంటికే రిపోర్టు వచ్చే కిట్లు ఉన్నాయి కదా, కొన్ని ఈ జీన్లలో ఎంచిన కొద్ది మార్పులనే చూస్తాయి. అందులో ఏమీ లేదని వస్తే అదే నెగటివ్ అనుకోకండి. జీన్ మొత్తం చదివే టెస్ట్ కావాలి. బీఆర్‌సీఏ రెండూ, పీఏఎల్‌బీ2 లాంటి ముప్పు పెంచే వేరే జీన్లూ కలిపి ఒకేసారి చూసే టెస్ట్, అంటే ప్యానెల్, అడగండి.

నీలిగోరింట:

అందరికీ చాలా థాంక్స్. వేకువ గారి రిప్లై అమ్మకి చదివి వినిపించాను. నాన్నగారు ఫోన్‌లో చదివి రాయించిన చోట మళ్లీ చదవమంది. కాసేపయ్యాక "మరి పిన్ని కూతుళ్లకి ఎవరు చెప్తారు?" అంది. అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, ఇద్దరం వెళ్తున్నాం. ఒక సందేహం. అమ్మ ఆపరేషన్ నాటి బయాప్సీ బ్లాక్ (మైనంలో దాచి ఉంచే కణితి ముక్క) ఆ ఆసుపత్రిలో ఇంకా ఉందో లేదో. అది లేకపోతే టెస్ట్ కుదరదా?

జన్యుబాట:

బ్లాక్ అవసరం లేదు, అమ్మగారి రక్తం చాలు. పుట్టుకతో వచ్చిన మార్పు ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. ఆ పాత బయాప్సీ రిపోర్టూ, పిన్నిగారి రిపోర్టు దొరికితే అదీ తీసుకెళ్లండి. పిన్ని పిల్లలకి మాత్రం అమ్మగారి ఫలితం చేతికొచ్చాక చెప్పొచ్చు.