కొత్త ఐఫోన్ అడుగుతున్న పాస్‌కోడ్ ఏ ఫోనుది?

ప్రశ్న (బొబ్బిలి నుంచి):
విజయనగరంలో ఉంటున్న మా మామగారు ఈ మధ్య పాత ఐఫోన్ స్థానంలో కొత్తది తీసుకున్నారు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆరంకెల పాస్‌కోడ్ పెట్టుకోమంటే పెట్టుకున్నారు. తరువాత ఆపిల్ ఖాతా వివరాలు ఇచ్చాక మళ్ళీ పాస్‌కోడ్ అడగడంతో, అప్పుడే పెట్టిన ఆరంకెలను కొట్టబోతే అక్కడ నాలుగే చుక్కలు కనిపించాయి. ఆయన పాత ఫోనుకు ఉన్నది నాలుగంకెల కోడ్. ఇంతకీ అక్కడ ఏది కొట్టాలి? అలవాటైన ఆ నాలుగంకెలనే కొత్త ఫోనుకూ ఉంచుకోవచ్చా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (శ్రీకాకుళం నుంచి):
మీ సందేహానికి జవాబు ఆ నాలుగు చుక్కల్లోనే ఉందండీ. మొదటిసారి అడిగినది కొత్త ఫోనుకు తాళం పెట్టుకోమని. రెండోసారి అడిగినది పాత ఫోను తాళం. దాచుకున్న పాస్‌వర్డ్‌ల వంటివి ఐక్లౌడ్‌లో (ఆపిల్ వారి ఆన్‌లైన్ నిల్వలో) ఆపిల్ సంస్థ సైతం చదవలేని విధంగా భద్రపరచి ఉంటాయి కనుక, వాటిని కొత్త ఫోనులోకి తెచ్చేముందు ఈ ఖాతా మీదే ఉన్న మరో పరికరం పాస్‌కోడ్‌ను అడుగుతుంది. ఏ పరికరానిదో ఆ తెర మీదే రాసి ఉంటుంది, కాని అంకెలు కొట్టే తొందరలో ఆ వాక్యాన్ని చదివేవారు తక్కువ. ఆపిల్ ఖాతా పాస్‌వర్డ్, సిమ్ పిన్ అనేవి ఈ రెండు పాస్‌కోడ్‌లకూ సంబంధం లేనివి.

సమాధానం (రాజాం నుంచి):
నాలుగంకెలు పెట్టుకోవచ్చు. కోడ్ పెట్టుకోమనే తెరలో అంకెల పైన కనిపించే ‘పాస్‌కోడ్ ఆప్షన్స్’ నొక్కితే ఆ వీలు వస్తుంది. ఇప్పుడైతే సెట్టింగ్స్‌లో పాస్‌కోడ్ మార్చుకునే చోట కూడా అదే ఉంటుంది. అయితే 2015లో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 9తో ఆపిల్ ఆరంకెల కోడ్‌ను ముందుకు తెచ్చింది ఊరికే కాదు. నాలుగంకెలతో 10,000 కోడ్‌లే సాధ్యం, ఆరంకెలతో 10 లక్షలు. ముఖం చూపితే తెరుచుకునే ఫోనులో కోడ్ కొట్టవలసిన అవసరం ఎలాగూ తక్కువే కనుక, ఆరంకెలే ఉంచమని నా సలహా.

సమాధానం (ఆమదాలవలస నుంచి):
పై సలహాతో పూర్తిగా ఏకీభవించలేను. కోడ్ కొట్టే అవసరం తక్కువైన కొద్దీ అది మరుపున పడే అవకాశం ఎక్కువ. ఫోనును ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ముఖం చూపినా ఒప్పుకోదు, కోడ్ కొట్టి తీరాలి. గుర్తుండవని చీటీ మీద రాసి ఫోను కవరు వెనుక దోపుకునే ఆరంకెల కన్నా, మనసులో ఉండే నాలుగంకెలే పెద్దవారికి క్షేమం. పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు. యూపీఐ పిన్ కూడా అవే అంకెలైతే వెంటనే మార్పించండి.