ఫాల్ కలర్స్ చూడ్డానికి ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

వర్స్టర్ నుంచి (కొత్త): అందరికీ నమస్కారం. ఆగస్టులో అమెరికాకి, మసాచుసెట్స్‌కి వచ్చాం. నేను, మా ఆవిడ, ఎనిమిది నెలల బాబు. మాది ఆదిలాబాద్. ఆఫీసులో అందరూ పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ వెళ్లి ఫాల్ కలర్స్, అంటే ఆకులు రాలేముందు మారే రంగులు, చూడమంటున్నారు. ఏ వారం మంచిది? బాబుతో నడవగలిగే ట్రెయిల్స్ ఉన్నాయా? ఫొటోలకి ఫోన్ చాలా?

నాషువా నుంచి: తమ్ముడూ, రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండ మీంచి కిందికి దిగుతుంది. న్యూ హాంప్‌షైర్ ఉత్తరాన వైట్ మౌంటెన్స్ కొండల్లో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పీక్. మీ వైపు అక్టోబరు సగం అయ్యాక. కొలంబస్ డే (అక్టోబరు రెండో సోమవారం సెలవు) వారాంతం మాత్రం వద్దు, కారు కదలదు. వీలైతే మామూలు రోజు సెలవు పెట్టు. ఆ కొండల్లోనే లింకన్ ఊరి నుంచి కాన్వే దాకా కాంకమాగస్ రోడ్డు 34 మైళ్ల పైనే. మధ్యలో గ్యాస్ స్టేషన్ లేదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ రాదు. లింకన్‌లోనే ట్యాంకు నింపుకో, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో. బాబుతో అయితే ఆ రోడ్డు మీదే సబ్బడే ఫాల్స్ అని జలపాతం ఉంది. దారి చిన్నది, బాగుంటుంది.

క్విన్సీ నుంచి: చంటివాడితో మూడు గంటల డ్రైవ్ ఎందుకమ్మా? మీ పక్కనే వచూసెట్ కొండ ఉంది, 2,006 అడుగులు, పై దాకా కారు రోడ్డుంది. బోస్టన్‌లో ఆర్నాల్డ్ అర్బొరేటమ్ అని చెట్ల తోట, 281 ఎకరాలు, టికెట్ లేదు, స్ట్రోలర్ హాయిగా వెళ్తుంది. ఒక్క జాగ్రత్త. ఆకుల కుప్పలో పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఫొటో తీయాలని అందరికీ ఉంటుంది. అందులో టిక్స్ ఉంటాయి, మన పశువులకు పట్టే పిడుదుల్లాంటివే, నువ్వుగింజంత. వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే చెవుల వెనక, మోకాళ్ల మడతల్లో, తొడల సందుల్లో వేళ్లతో తడిమి చూడండి. మా చిన్నదానికి మెడ వెనక జుట్టులో దొరికింది.

ఫ్రేమింగ్‌హామ్ నుంచి: నువ్వు అడగలేదు గానీ తమ్ముడూ, అద్దె ఇంటికి పెరడుంటే ఆకులు ఎవరు ఊడ్వాలో లీజులో ఈ రాత్రే చూసుకో. మా మొదటి ఇంటి వెనక మూడు ఓక్ చెట్లు. మేపుల్ ఆకులన్నీ రాలిపోయాక ఓక్ మొదలెడుతుంది. ఆ నవంబరులో నాన్నగారికి బాగోలేదని ఇండియా వెళ్లాం. తిరిగొచ్చేసరికి మంచు పడిపోయింది. ఏప్రిల్‌లో మంచు కరిగితే ఆకులు అట్టకట్టి, ఎత్తితే కింద గడ్డి తెల్లగా చచ్చి ఉంది. ఇల్లు వదిలినప్పుడు ఓనరు డిపాజిట్‌లో 600 డాలర్లు పట్టుకున్నాడు. లిస్టు లేదు, రసీదు లేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. మసాచుసెట్స్‌లో 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, కోసుకుంటే దేనికెంతో రాసివ్వాలి, అసలు నెల అద్దెకి మించి డిపాజిట్ తీసుకోకూడదు. ఇదంతా నాకు అప్పుడు తెలీదు. స్మాల్ క్లెయిమ్స్‌కి (చిన్న మొత్తాల కోర్టుకి) వెళ్తున్నానని ఉత్తరం రాస్తే, నాలుగు నెలలకి 400 పంపాడు.

లోవెల్ నుంచి: ఫొటోల సంగతి ఎవరూ చెప్పలేదు. మబ్బు పట్టిన రోజు వెళ్లు. వాన వెలిశాక ఎరుపు చిక్కబడుతుంది. తడి ఆకు మీద తెల్లటి మెరుపు కొడుతుంది చూడు, కెమెరా లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టర్ పెట్టి రింగు తిప్పితే అది పోయి అసలు రంగు బయటికొస్తుంది.

నాషువా నుంచి: మబ్బులో కొండలు బూడిద పూసినట్టుంటాయి. పదేళ్లుగా తీస్తున్నాను, ఎండే కావాలి. సాయంత్రం ఎండకి ఎదురుగా నిలబడి మేపుల్ ఆకుని అడుగు నుంచి తీస్తే ఒక్కో ఈనె లెక్కపెట్టొచ్చు. దానికి ఫోన్ చాలు.

లోవెల్ నుంచి: ఒక్క ఆకుకి సరే. జలపాతం దగ్గర ఎండలో తీస్తే నీళ్లన్నీ తెల్లసున్నం. సబ్బడే పొమ్మన్నది మీరే కదా అన్నా?

క్విన్సీ నుంచి: రాత్రి చలి, పగలు ఎండ ఉన్న ఏడాదే ఎరుపు బాగా వస్తుంది. ఆకులో చక్కెర నిలిచిపోయి ఎర్రరంగు తయారవుతుంది. పసుపు మాత్రం ఆకులో మొదటినుంచీ ఉండేదే, ఆకుపచ్చ పోయాక కనబడుతుంది. మీది ఆదిలాబాద్ అన్నారు కదా, ఎర్ర మేపుల్ వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ "మోదుగు పూసిందా?" అంది.

వర్స్టర్ నుంచి (కొత్త): అందరికీ చాలా థాంక్స్. మా అమ్మా అదే అంటుందక్కా. అక్టోబరు రెండు గురువారం సెలవు పెట్టాను, కాంకమాగస్ వెళ్తున్నాం. వచూసెట్ నెల మధ్యలో. అన్నా, లీజు చూశాను, ఆకులు ఊడ్చేది మేమే అని ఉంది. శనివారం ఆకులు లాగే రేక్ కొంటున్నాను.