షుగరు పుండుకి కొవ్వు స్టెమ్ సెల్స్: హైదరాబాద్‌లో ఎవరైనా చేయించారా?

కూకట్‌పల్లి కోడలు:
మా మామగారికి 68. షుగరు ఇరవై ఏళ్ల నాటిది. ఎడమ అరికాల్లో, బొటనవేలి మొదట్లో పుండు. ఐదు నెలల నుంచి రోజూ కట్టు కడుతున్నా మానట్లేదు. ఒక క్లినిక్‌లో పొట్ట దగ్గర కొవ్వు లాగి, అందులోంచి స్టెమ్ సెల్స్ (మూలకణాలు) తీసి, కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన షీటు మీద పోసి అతికిస్తామన్నారు. నాలుగు లక్షల ఇరవై వేలు. నెలాఖరులోపు అయితే నలభై వేలు తగ్గిస్తారట. పనిచేస్తుందా? నొప్పి ఉంటుందా? ఇన్సూరెన్స్ వస్తుందా?

మలక్‌పేట మల్లన్న:
నెలాఖరు ఆఫరా? అది దవాఖానా, చీరల దుకాణమా? మా బాపుకు గిట్లనే చెప్పి మూడు లక్షలు గుంజిన్రు. ఏం ఎక్కించిన్రో కాగితం ఇయ్యలె. నాలుగు నెలలకు రెండు వేళ్లు తీసేసిన్రు. ఇగ నాతోని రాయించకుండ్రి.

ల్యాబ్ ఎలుక:
ఈ కణాలతోనే తొమ్మిదేళ్లు కాపురం చేశాను, కాబట్టి వినండి. కొవ్వులో ఇవి ఉన్నాయని 2001లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు చూపించారు. కొవ్వుని కడిగి, కొల్లాజినేజ్ అనే ఎంజైమ్ కలిపి 37 డిగ్రీల్లో ఊపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన నూనె తేలుతుంది. ట్యూబు అడుగున పెసరగింజంత ఎర్రటి ముద్ద. సరుకంతా అదే. అందులోనూ స్టెమ్ సెల్స్ కొన్నే, మిగతావి తెల్లకణాలు, రక్తనాళాల గోడ కణాలు. ఫ్లాస్కులో వారాల తరబడి పెంచితేనే లెక్కకొస్తాయి. ‘పొద్దున లాగి మధ్యాహ్నం అతికిస్తాం’ అన్నారంటే పెంచనట్టే. పైగా అవేమీ చర్మంగా మారిపోవు. కొన్నాళ్లుండి, కొత్త రక్తనాళాల్ని పిలిచే ప్రొటీన్లు వదుల్తాయి. ఊరికే ఇంజెక్షన్ ఇస్తే పుండులో నిలవవు, అందుకే షీటు.

నారాయణగూడ నాని:
నాకు చేశారు, బ్రహ్మాండంగా ఉంది. మోచేతి మీద పాత కాలిన మచ్చ, కొవ్వుని ఒక సిరంజిలోంచి ఇంకో సిరంజిలోకి ముప్పైసార్లు తోసి ఎక్కించారు. మచ్చ మెత్తబడింది, చెయ్యి పూర్తిగా చాస్తున్నాను. తొమ్మిదేళ్ల కాపురం వాళ్లు ఏమన్నా సరే.

ల్యాబ్ ఎలుక:
అది నానోఫ్యాట్ అండీ. కవ్వం లేకుండా కొవ్వు చిలకడం. మీకు మేలైంది, సంతోషం. మానిన మచ్చ వేరు, నెత్తురందని షుగరు పుండు వేరు.

పద్మారావునగర్ పిన్ని:
ఆ కొల్లాజెన్ దేనిదమ్మా? ఎవరూ చెప్పరేం? మా అత్తగారికి ఇలాంటి షీటే వేశాక ఆవుదని తెలిసింది. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. వారం రోజులు మాతో మాట్లాడలేదు.

మలక్‌పేట మల్లన్న:
పానం పోతుంటే ఆవా బర్రెనా అని చూస్తరా?

పద్మారావునగర్ పిన్ని:
చూస్తారు బాబూ. వేసుకోవద్దనలేదు, ముందు చెప్పమన్నాను. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఆ ముక్క లేదు.

ల్యాబ్ ఎలుక:
ఇంటెగ్రా అనే షీటులో ఆవు కొల్లాజెన్‌తో పాటు సొరచేప మృదులాస్థి పదార్థం కూడా ఉంటుంది. పంది పేగు పొరతో చేసినవీ ఉన్నాయి. ఐస్‌లాండ్ వాళ్లు కాడ్ చేప తోలు అమ్ముతారు. మీరు మింగే క్యాప్సూల్ తొడుగు దేనిదనుకుంటున్నారు?

పద్మారావునగర్ పిన్ని:
నేను క్యాప్సూల్ విప్పి పొడి తేనెలో కలుపుకుంటాను. నీ తెలివి నీ దగ్గరే ఉంచుకో నాయనా.

నారాయణగూడ నాని:
😂 పిన్నిగారూ, విప్పకూడని క్యాప్సూల్స్ కూడా ఉంటాయి, జాగ్రత్త.

బర్కత్‌పుర బాలు:
మన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచి కంటికి స్టెమ్ సెల్స్ వేస్తున్నారు కదా, కాలికి ఎందుకు పనిచేయవు?

ల్యాబ్ ఎలుక:
అవి నల్లగుడ్డు అంచు కణాలు. కాన్పులో వచ్చే మాయపొర మీద పెంచి కంట్లోనే పెడతారు, అక్కడ అవే పొరగా మారతాయి. దీనికీ దానికీ పోలిక పేరొక్కటే. ఇంకోటి: 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చేయాలి, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐ నంబరు, అంటే ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్టర్ నంబరు అడగండి.

డ్రెస్సింగ్ సిస్టర్:
అందరూ షీటు గురించే. ఆయన ఆ కాలితోనే నడుస్తున్నారా లేదా, ఒక్కరైనా అడిగారా? పుండు చుట్టూ తోలు ముదిరి కొబ్బరి ముక్కలా తెల్లగా గట్టిపడి ఉంటుంది, దాన్ని చెక్కించారా? కళ్లు మూసుకోమని నైలాన్ దారం అరికాల్లో ఆనించి చూడండి. ‘పెట్టావా అమ్మా?’ అని అడిగారంటే స్పర్శ లేనట్టే. పుండు మీద ఒంటి బరువు పడకుండా చూడకపోతే బంగారపు షీటు వేసినా నలిగిపోతుంది. ముందు డాప్లర్, అంటే కాలికి నెత్తురందుతోందో లేదో చూసే స్కాన్. పుండు శుభ్రంగా ఉండి, నెత్తురందుతుంటే చర్మకణాల్ని పెరగమనే ప్రొటీన్ ఉన్న ఈజీఎఫ్ జెల్ కూడా ఉంది, జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ వాళ్లదే. తర్వాత ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు.

బర్కత్‌పుర బాలు:
ఎంసీఆర్ చెప్పులు ఎక్కడ కుట్టిస్తారు? మా నాన్నగారికి 9 సైజు.

ఉప్పల్ ఉష:
ఉస్మానియాలో 2022లో చర్మం బ్యాంకు వచ్చింది. మా తమ్ముడు స్టవ్ పేలి కాలినప్పుడు దాతల చర్మం కప్పారు. గ్లిజరిన్‌లో నిలవ చేస్తారట. మూడు వారాలకు ఊడిపోయింది, ఆలోపు వాడి తొడ నుంచి తీసి వేశారు. పుండ్లకి ఇస్తారో లేదో కనుక్కోండి.

కూకట్‌పల్లి కోడలు:
సిస్టర్ చెప్పినట్టు డాప్లర్ తీయించాం. మోకాలి కింద నాళం మూసుకుపోయింది, దాన్ని తెరవడానికి బెలూన్ వేస్తామన్నారు. మామగారు రోజూ ఆ కాలితోనే గుడికి వెళ్తున్నారట, మాకు చెప్పకుండా. క్లినిక్‌కి ఫోన్ చేసి సీటీఆర్ఐ నంబరు అడిగాను. ‘మేడమ్, ఇంకో ఇరవై తగ్గిస్తాం’ అన్నారు. ఇంతకీ ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు.

బర్కత్‌పుర బాలు:
చెప్పుల సంగతీ అంతే.